బీఎస్‌ఎన్‌ఎల్ కార్మిక వివాదం (2017–2020)

భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ఉద్యోగులకూ, ఆ సంస్థకు యజమాని అయిన కేంద్ర ప్రభుత్వానికీ మధ్య 2017లో మొదలై 2020 దాకా ఉధృతంగా సాగిన వివాదం ఇది. వేతన సవరణతో మొదలైంది. 4జీ స్పెక్ట్రం కోసం సమ్మెగా పెరిగింది. 2020 జనవరి 31న 78,569 మంది ఒకేసారి ఉద్యోగం వదిలి వెళ్లడంతో దాని రూపే మారిపోయింది. మామూలుగా కార్మిక వివాదంలో జీతం పెంచమని కార్మికులు అడుగుతారు, కంపెనీ కుదరదంటుంది. ఇక్కడ కార్మికుల కోరికల పట్టీలో తరచుగా మొదటి స్థానంలో నిలిచింది జీతం కాదు. తమ కంపెనీ పోటీలో నిలబడడానికి కావలసిన స్పెక్ట్రాన్ని దానికి ఇవ్వమని వాళ్లు అడిగారు. యాజమాన్యం కూడా అదే అడుగుతోంది. ఇవ్వవలసింది ప్రభుత్వం. ఈ ముక్కోణాన్ని పట్టుకోకపోతే ఈ వివాదంలో ఏదీ అర్థం కాదు.

శాఖ నుంచి సంస్థగా

1985లో తంతి తపాలా శాఖ రెండుగా విడిపోయి టెలికాం శాఖ వేరుగా ఏర్పడింది. మరుసటి ఏడు ఢిల్లీ, ముంబయి నగరాలకు ఎంటీఎన్‌ఎల్ వచ్చింది. మిగతా దేశమంతటికీ ఫోన్లు ఇచ్చే పని శాఖ చేతిలోనే ఉండిపోయింది. 2000 అక్టోబరు 1న ఆ పనిని బీఎస్‌ఎన్‌ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థకు అప్పగించారు. మూడు లక్షలకు పైగా సిబ్బంది, ఎక్స్ఛేంజీలు, భూమిలోని కేబుళ్లు, భవనాలు అన్నీ కొత్త సంస్థ కిందికి వచ్చాయి.

ఆ మార్పుకు కొద్ది రోజుల ముందు, సెప్టెంబరులో, టెలికాం ఉద్యోగుల సమాఖ్యలు దేశమంతటా సమ్మెకు దిగాయి. కంపెనీగా మారితే ఉద్యోగానికి భద్రత ఏది, పెన్షన్‌కు పూచీ ఎవరు అన్నవి వారి ప్రశ్నలు. ప్రభుత్వం దిగివచ్చింది. శాఖ నుంచి సంస్థలోకి మారిన వారికి ప్రభుత్వమే పెన్షన్ చెల్లించేలా కేంద్ర పెన్షన్ నియమాల్లో 37-ఎ అనే కొత్త నియమం చేర్చింది. ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగులకు ప్రభుత్వ ఖజానా నుంచి పెన్షన్ రావడం చాలా అరుదు. సమ్మెతో సాధించుకున్న ఆ హామీ బీఎస్‌ఎన్‌ఎల్ సంఘాలకు గొప్ప ధైర్యాన్నిచ్చింది. అయితే అది సిబ్బందిని రెండు తరాలుగా విడదీసింది కూడా. 2000 అక్టోబరు తర్వాత నేరుగా చేరిన వారికి ఆ పెన్షన్ వర్తించదు. వారి పదవీ విరమణ ప్రయోజనాల కోసం సంస్థ తగినంత జమ చేయాలన్నది తర్వాతి ప్రతి ఆందోళనలోనూ వినిపించిన డిమాండ్.

టెలికాం కార్మికులకు సమ్మె కొత్త కాదు. 1946 జూలైలో తంతి తపాలా ఉద్యోగులు చేసిన సమ్మె బ్రిటిష్ పాలన చివరి రోజుల్లో దేశాన్ని కదిలించింది. 1960 జూలైలోనూ, 1968 సెప్టెంబరు 19న ఒక్కరోజు టోకెన్ సమ్మెలోనూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులతో కలిసి వాళ్లు నిలబడ్డారు. బీఎస్‌ఎన్‌ఎల్ సంఘాలు ఆ వారసత్వాన్ని తమదిగా చెప్పుకుంటాయి.

లాభాలు ఎలా కరిగాయి

సంస్థకు 2004–05లో రూ.10,183 కోట్ల నికర లాభం వచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి, 2009–10లో, రూ.1,823 కోట్ల నష్టం. ఈ ఐదేళ్లలో జరిగినదాన్ని బట్టే వివాదంలో ఎవరి వాదన ఎంత నిలుస్తుందో తేలుతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

2002లో బీఎస్‌ఎన్‌ఎల్ మొబైల్ సేవలు మొదలుపెట్టినప్పుడు చిన్న పట్నాల్లో సిమ్ కోసం జనం బారులు తీరారు. గిరాకీకి తగ్గట్టు పరికరాలు కావాలి. 4.55 కోట్ల లైన్ల కోసం పిలిచిన భారీ టెండరు వివాదాల్లో పడి సగానికి తగ్గిపోయింది. దాన్ని యథాతథంగా అమలు చేయమని 2007 జూలైలో ఉద్యోగులు ఒకరోజు సమ్మె చేశారు. పరికరాలు కొనమని కార్మికులు సమ్మె చేయడం వింతగా తోచవచ్చు. 2019లో స్పెక్ట్రం కోసం చేసిన సమ్మెకు బీజం అక్కడే పడింది. తర్వాత 9.3 కోట్ల లైన్ల కోసం వేసిన మరో టెండరు 2010లో రద్దయింది. ప్రైవేటు కంపెనీలు ఊరూరా టవర్లు పాతుతున్న సరిగ్గా ఆ కాలంలోనే ప్రభుత్వ సంస్థ చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

అదే ఏడు 3జీ, బ్రాడ్‌బ్యాండ్ వైర్‌లెస్ స్పెక్ట్రం వేలం జరిగింది. బీఎస్‌ఎన్‌ఎల్‌కు స్పెక్ట్రం ముందే ఇచ్చారు. ధర మాత్రం వేలంలో పలికినదే కట్టమన్నారు. దాదాపు రూ.18,500 కోట్లు. ఏ సర్కిల్ కావాలో, ఏది వద్దో ఎంచుకునే వీలు సంస్థకు లేదు. చేతిలోని నగదు నిల్వ అంతా ఆ చెల్లింపుకే పోయింది. శ్యాం పిట్రోడా నాయకత్వంలోని కమిటీ 2010లో 30 శాతం వాటా అమ్మాలనీ, సుమారు లక్ష మందిని తగ్గించాలనీ సూచించింది. సంఘాలు గట్టిగా ఎదిరించడంతో అది అప్పటికి ఆగింది. పదేళ్ల తర్వాత సిబ్బంది తగ్గింపు మరో దారిలో వచ్చింది.

వేలాల్లో 4జీ స్పెక్ట్రం కొనుక్కున్న ప్రైవేటు సంస్థలు ముందుకు సాగాయి. 2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో 4జీ సేవలతో, ఉచిత కాల్స్‌తో రంగంలోకి దిగింది. టారిఫ్‌లు పాతాళానికి పడిపోయాయి. అప్పుల భారంతో కొన్ని ప్రైవేటు కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. బీఎస్‌ఎన్‌ఎల్ తట్టుకుని నిలిచింది కానీ, దేశమంతా 4జీకి మారిపోతుంటే దాని చేతిలో ఉన్నది 2జీ, 3జీ మాత్రమే.

సంఘాలు, చట్టం

బీఎస్‌ఎన్‌ఎల్‌లో గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగుతో ఎన్నుకుంటారు. నాన్-ఎగ్జిక్యూటివ్ ఉద్యోగులు ఓటర్లు. 2004 నుంచి 2019 దాకా జరిగిన ప్రతి ఎన్నికలోనూ బీఎస్‌ఎన్‌ఎల్ ఎంప్లాయీస్ యూనియన్ మొదటి స్థానంలో నిలిచింది. దానికి ప్రధాన పోటీదారు ఎన్‌ఎఫ్‌టీఈ. ఓ.పి. గుప్తా సుదీర్ఘకాలం నడిపిన పాత సమాఖ్య వారసత్వం దానిది. ఎంప్లాయీస్ యూనియన్ వ్యవస్థాపక ప్రధాన కార్యదర్శి వి.ఎ.ఎన్. నంబూద్రి. ఈ వివాద కాలంలో ఆ బాధ్యతలో ఉన్నది పి. అభిమన్యు. అధికారులకు వేరే అసోసియేషన్లు ఉన్నాయి. రాజకీయంగా ఒకదానికొకటి పడని ఈ సంఘాలు వేతన సవరణ విషయంలో ఏకమై ‘ఆల్ యూనియన్స్ అండ్ అసోసియేషన్స్ ఆఫ్ బీఎస్‌ఎన్‌ఎల్’ అనే ఐక్య వేదిక కట్టుకున్నాయి. సంక్షిప్తంగా దాన్ని ఏయూఏబీ అనేవారు. లైన్‌మన్ నుంచి డివిజనల్ ఇంజనీరు దాకా ఒకే గొడుగు కిందికి రావడం ఈ పోరాటానికి అసలు బలం.

అప్పట్లో అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టెలిఫోన్ సేవ ప్రజోపయోగ సేవ. సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక పద్నాలుగు రోజుల లోపు సమ్మె చేయరాదు. కార్మిక కమిషనరు దగ్గర రాజీ చర్చలు నడుస్తుండగానూ చేయరాదు. అందుకే బీఎస్‌ఎన్‌ఎల్ సమ్మెల చరిత్రలో జరిగిన సమ్మెలకన్నా ప్రకటించి వాయిదా వేసినవి ఎక్కువగా కనిపిస్తాయి. నోటీసు కూడా బేరానికి ఒక సాధనమే.

వేతన సవరణ చిక్కు

బీఎస్‌ఎన్‌ఎల్ సిబ్బంది జీతాలు అంతకుముందు 2007 జనవరి 1 నుంచి సవరణ పొందాయి. నాన్-ఎగ్జిక్యూటివ్‌లకు 30 శాతం ఫిట్‌మెంట్‌తో, అంటే మూలవేతనంపై పెంపుతో, 2010లో ఒప్పందం కుదిరింది. తర్వాతి సవరణ 2017 జనవరి 1 నుంచి రావాలి. ప్రభుత్వ రంగ సంస్థల కోసం వేసిన మూడో వేతన సవరణ కమిటీ గరిష్ఠంగా 15 శాతం ఫిట్‌మెంట్ సూచించింది. దాంతో పాటు స్తోమత షరతు కూడా పెట్టింది. అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలోంచి ఆ భారం భరించగల సంస్థలకే సవరణ అన్నది దాని సారం. 2009 నుంచి నష్టాల్లో ఉన్న బీఎస్‌ఎన్‌ఎల్‌కు తలుపు మూసుకుపోయింది.

నష్టాలకు కారణం తాము కాదని సంఘాలు అన్నాయి. టెండర్లు రద్దు చేసింది తాము కాదు, ఎంచుకునే వీలు లేకుండా స్పెక్ట్రం అంటగట్టింది తాము కాదు, 4జీ ఇవ్వకుండా ఆపింది తాము కాదు. మారుమూల ఎక్స్ఛేంజీలను నష్టానికి నడపడం ప్రభుత్వ విధానం. ఉదాహరణకు నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో రెండు వేలకు పైగా టవర్లు నిలబెట్టే పనిని కేంద్రం బీఎస్‌ఎన్‌ఎల్‌కే అప్పగించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలూ అందులో ఉన్నాయి. లాభం లేని చోటికి ఎవరూ రారు కాబట్టి ప్రభుత్వ సంస్థ వెళ్లింది. అలా వెళ్లినందుకే దాని సిబ్బందికి జీతం పెరగదనడం న్యాయం కాదన్న వాదనలో బలముంది.

ప్రభుత్వం మరో లెక్క చూపింది. సంస్థ ఆదాయంలో నాలుగింట మూడొంతులు జీతభత్యాలకే పోతోంది. ప్రైవేటు కంపెనీల్లో అది పది శాతం కూడా ఉండదు. అంకె నిజమే, పోలిక మాత్రం సూటిగా లేదు. ప్రైవేటు కంపెనీలు టవర్ల నిర్వహణ నుంచి కాల్ సెంటర్ దాకా ఎక్కువ భాగం బయటి సంస్థలకు అప్పగిస్తాయి. ఆ ఖర్చు జీతాల పద్దులో కనిపించదు. పైగా సంస్థ భారీ లాభాల్లో ఉన్నప్పుడు సిబ్బంది ఇంతకన్నా చాలా ఎక్కువ. పడిపోయింది ఆదాయం. అయినా యాభై దాటిన వారే అత్యధికంగా ఉన్న సంస్థ, ఫైబర్‌కూ డేటాకూ మారిన వ్యాపారానికి రాగి తీగల కాలం నాటి పనివిభజనతో సరిపోలేదన్నది సంఘాలు తగినంతగా జవాబు చెప్పని విషయం.

2017 జూలై 27న ఒకరోజు, డిసెంబరు 12, 13 తేదీల్లో రెండు రోజులు సమ్మెలు జరిగాయి. టవర్లను వేరే అనుబంధ సంస్థకు మళ్లించాలన్న కేబినెట్ నిర్ణయం కూడా డిసెంబరు సమ్మెకు కారణం. అరవై వేలకు పైగా టవర్లు సంస్థకున్న విలువైన ఆస్తి. వాటిని విడదీయడం ప్రైవేటీకరణకు తొలిమెట్టని ఉద్యోగులు భావించారు. 2018 ఫిబ్రవరి 24న అప్పటి టెలికాం సహాయ మంత్రి మనోజ్ సిన్హా ఐక్య వేదిక నాయకులతో మాట్లాడి 4జీ, వేతన సవరణ, పెన్షన్ అంశాలపై హామీలిచ్చారు. నెలలు గడిచాయి. డిసెంబరు 3 నుంచి నిరవధిక సమ్మె అన్నారు, చర్చలతో 10వ తేదీకి జరిపారు, మళ్లీ వాయిదా వేశారు. ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీకి మేలు చేయడానికే బీఎస్‌ఎన్‌ఎల్‌ను బిగిస్తోందని సంఘాలు బహిరంగంగా ఆరోపించడం ఆ రోజుల్లోనే.

2019 ఫిబ్రవరి సమ్మె

2019 ఫిబ్రవరి 18, 19, 20 తేదీల్లో మూడు రోజుల సమ్మె దేశమంతటా జరిగింది. డిమాండ్లలో 4జీ స్పెక్ట్రం ముందు వరుసలో ఉంది. తర్వాత 15 శాతం ఫిట్‌మెంట్‌తో వేతన సవరణ, రిటైరైన వారి పెన్షన్ సవరణ. బ్యాంకు అప్పులకు ప్రభుత్వ భరోసా లేఖ, సంస్థ భూముల వినియోగ విధానానికి ఆమోదం, టవర్ల నిర్వహణ బయటివారికి ఇవ్వకపోవడం కూడా పట్టీలో ఉన్నాయి. ఉద్యోగుల పెన్షన్ కోసం సంస్థ ప్రభుత్వానికి కట్టే వాటాను వారి అసలు మూలవేతనం మీద కాకుండా స్కేలు గరిష్ఠం మీద వసూలు చేసేవారు. ఆ అదనపు వసూలు ఆపాలన్నది మరో డిమాండ్. అదీ కంపెనీ డబ్బు కాపాడే కోరికే. ఆ పట్టీలో సగం ఒక మంచి ఫైనాన్స్ డైరెక్టరు రాసుకునేదానిలా ఉంటుంది.

పని లేదు, జీతం లేదు అని యాజమాన్యం హెచ్చరించింది. వినియోగదారుల సేవా కేంద్రాలు మూతపడ్డాయి. ఫోను బాగుచేయించుకోవాలన్నా, కొత్త కనెక్షన్ కావాలన్నా ఆగవలసి వచ్చింది. కానీ నెట్‌వర్క్ మూగబోలేదు. మనుషులు తీగలు కలిపే కాలంలో టెలిఫోన్ సమ్మె అంటే ఊరికి ఊరే నోరు మూసుకోవడం. ఎక్స్ఛేంజీలు కంప్యూటర్ల మీద నడిచే కాలంలో మూడు రోజులు మనిషి లేకపోయినా కాల్స్ వెళ్తూనే ఉంటాయి. పోటీ కంపెనీలు ఉన్న మార్కెట్లో సమ్మె మొదట దెబ్బతీసేది సొంత సంస్థ వినియోగదారులనే. సమ్మె ఎక్కువ రోజులు లాగకపోవడానికి ఈ రెండూ కారణాలు. సంస్థను బతికించడానికి చేసే సమ్మె ఆ సంస్థనే గాయపరచకూడదు కదా. ఈ ఇరకాటం నాయకులకు తెలుసు. అందుకే ఆయుధం చేతిలో ఉన్నా దాన్ని పూర్తిగా ఎత్తలేకపోయారు.

సమ్మె ముగిసింది. స్పెక్ట్రం రాలేదు.

జీతాలు ఆగిన ఏడాది

ఆ ఫిబ్రవరి జీతమే ఆగింది. సంస్థ పుట్టాక లక్షా డెబ్బై ఆరు వేల మందికి నెలాఖరున జీతం పడకపోవడం అదే మొదటిసారి. మార్చి మధ్యలో చెల్లించారు. ఆ ఏడంతా అదే వరస. ఈఎంఐలు, పిల్లల ఫీజులు నెలాఖరు జీతాన్ని నమ్ముకుని నడిచే ఇళ్లు తడబడ్డాయి. కరెంటు బిల్లులు కట్టక కొన్నిచోట్ల టవర్లకు, ఎక్స్ఛేంజీలకు విద్యుత్తు ఆగిన సంఘటనలున్నాయి.

అందరికన్నా దారుణంగా దెబ్బతిన్నది కాంట్రాక్టు కార్మికులు. కేబుల్ గుంతలు తవ్వేవారు, టవర్లకు కాపలా ఉండేవారు, ఎక్స్ఛేంజీలు ఊడ్చేవారు. వారికి కొన్నిచోట్ల నెలల తరబడి పైసా అందలేదు. కేరళలో అలా జీతం అందని ఒక కార్మికుడు ప్రాణం తీసుకోవడం దేశమంతటా వార్త అయింది. పెర్మనెంటు ఉద్యోగుల జీతం ఆలస్యమైతే పార్లమెంటులో ప్రశ్న వస్తుంది. వీళ్లది కాంట్రాక్టరుతో తేల్చుకోవలసిన బకాయి అయిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో చాలా చోట్ల ఫోను తీగను పట్టుకుని ఉన్న చేతుల్లో ఎక్కువ భాగం అప్పటికే వీళ్లవి. వివాదపు చర్చల బల్ల దగ్గర మాత్రం వాళ్లకు కుర్చీ లేదు.

స్వచ్ఛంద పదవీ విరమణ

2019 అక్టోబరు 23న కేంద్ర కేబినెట్ బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్‌లకు దాదాపు రూ.69,000 కోట్ల పునరుజ్జీవన ప్యాకేజీ ప్రకటించింది. అప్పటి టెలికాం మంత్రి రవిశంకర్ ప్రసాద్. రూ.20,140 కోట్ల విలువైన 4జీ స్పెక్ట్రం ప్రభుత్వ ఖర్చుతో, రూ.15,000 కోట్లకు ప్రభుత్వ హామీ బాండ్లు, ఆస్తుల అమ్మకం, లీజుల ద్వారా నిధులు, రెండు సంస్థల విలీనం అందులోని అంశాలు. వీటితో పాటు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, అంటే వీఆర్‌ఎస్. సంఘాలు ఏళ్లుగా అడిగిన స్పెక్ట్రం, ఏళ్లుగా వద్దన్న సిబ్బంది తగ్గింపు ఒకే కాగితం మీద వచ్చాయి.

యాభై ఏళ్లు నిండిన వారు అర్హులు. పూర్తి చేసిన ఒక్కో ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం, మిగిలిన ఒక్కో ఏడాదికి 25 రోజుల జీతం ఎక్స్‌గ్రేషియా. దరఖాస్తులకు నవంబరు 4 నుంచి డిసెంబరు 3 దాకా గడువు. అర్హులు లక్షకు పైగా. పదవీ విరమణ వయసును 60 నుంచి 58కి తగ్గిస్తారంటూ భయపెట్టి దరఖాస్తులు పెట్టిస్తున్నారని సంఘాలు ఆరోపించి, నవంబరు 25న నిరాహార దీక్ష చేశాయి. స్వచ్ఛందం అన్న మాటకు అర్థం ఆ నెలలో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది. జీతం ఎప్పుడు వస్తుందో తెలియని సంస్థలో ఉండడమా, ఖజానా పెన్షన్‌తో పాటు చేతికొచ్చే మొత్తం తీసుకుని ఇంటికి పోవడమా? 2000లో గెలుచుకున్న పెన్షన్ హామీయే 2019లో వెళ్లిపోవడాన్ని సులువు చేసింది. అది లేకపోతే ఇంతమంది సంతకం పెట్టేవారని నమ్మడం కష్టం.

2020 జనవరి 31న సంస్థ సిబ్బందిలో దాదాపు సగం మంది ఒక్క సాయంత్రం బయటికి నడిచారు. కొన్ని ఎక్స్ఛేంజీల్లో తాళంచెవులు ఎవరికి అప్పగించాలో తేల్చుకోవలసి వచ్చేంత ఖాళీ ఏర్పడింది. ఏ పిల్లరులో ఏ జత తీగ ఏ ఇంటికి పోతుందో కాగితాల మీద కన్నా పాత టెలికాం మెకానిక్‌ల జ్ఞాపకంలోనే ఎక్కువగా ఉండేది. ఆ జ్ఞానాన్ని రాసి పెట్టుకోవడానికి ఎవరికీ వ్యవధి ఇవ్వలేదు. ల్యాండ్‌లైన్ల నిర్వహణను క్లస్టర్లుగా విడగొట్టి కాంట్రాక్టర్లకు అప్పగించారు. జీతాల ఖర్చు దాదాపు సగానికి తగ్గింది. ఆ మేరకు ప్రభుత్వం అనుకున్నది జరిగింది.

తర్వాత

4జీ వెంటనే రాలేదు. 2020 మార్చిలో పిలిచిన టెండరు దేశీయ తయారీదారుల అభ్యంతరాలతో, చైనా పరికరాలపై ఆంక్షలతో అదే ఏడు రద్దయింది. విదేశీ పరికరాలు వద్దు, దేశీయ సాంకేతికతే వాడాలన్నారు. ప్రైవేటు కంపెనీలకు ఆ షరతు లేదు. టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీ-డాట్ కలిసి దేశీయ 4జీ వ్యవస్థను తయారు చేసి పరీక్షించి నిలబెట్టేసరికి ఏళ్లు పట్టింది. 2022లో రూ.1.64 లక్షల కోట్లతో రెండో ప్యాకేజీ, 2023లో రూ.89,047 కోట్లతో మూడోది వచ్చాయి. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ఆ 4జీ నెట్‌వర్క్‌ను దేశవ్యాప్తంగా ప్రారంభించారు. దాని కోసం 2019లో సమ్మె చేసినవారిలో చాలామంది అప్పటికి ఐదేళ్లుగా మాజీ ఉద్యోగులు.

పెన్షన్ సవరణ వివాదం కోర్టుకెక్కింది. బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ పెన్షనర్లకు కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లతో సమానంగా సవరణ ఇవ్వాలని 2023 సెప్టెంబరులో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ ప్రధాన బెంచి తీర్పిచ్చింది. ప్రభుత్వం ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది.

2024 అక్టోబరు–డిసెంబరు త్రైమాసికంలో సంస్థకు రూ.262 కోట్ల లాభం వచ్చింది. ఏళ్ల తర్వాత వచ్చిన త్రైమాసిక లాభం అది. ఆ ఆర్థిక సంవత్సరం మొత్తం మీద మాత్రం నష్టమే మిగిలింది. స్తోమత షరతు అడిగేది మూడేళ్ల సగటు లాభాన్ని. 2017 జనవరి 1 నుంచి రావలసిన వేతన సవరణ, ఆ తేదీన ఉద్యోగంలో ఉండి 2020లో వీఆర్‌ఎస్ తీసుకున్నవారు వెళ్లేనాటికి కాగితం దాటి రాలేదు. వాళ్ల లెక్క పాత స్కేళ్ల మీదే తేలిపోయింది.